మూలకు మూల కొలిచిన అదృష్టం

ఇంటికి పెద్ద దిక్కు లేకపోయినా ఎలాగో సర్దుకుపోవచ్చు. పెద్ద మానిటర్ లేకపోతే మాత్రం ఈ రోజుల్లో సంసారం సాగదు! నమ్మనివాళ్లు ఆత్మకూర్ వెళ్లి, మగ్గాల వీధిలో గండయ్య కొడుకు రాజేందర్‌ను అడగండి. జవాబు చెప్పడానికి ఆయనకు తీరిక ఉండదనుకోండి, అది మానిటర్ తప్పు కాదు.

రాజేందర్ హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పనిచేస్తాడు. ఏ లారీ ఎక్కడ ఆగిందో, ఏ లారీ ఎక్కడికి చేరాలో ఎక్సెల్ షీట్లలో సరిచూడటం ఆయన ఉద్యోగం. ముందుగదిలో ఒకవైపు తండ్రి గుంట మగ్గం, ఎదుటి గోడకు కొడుకు బల్ల. తండ్రి కాళ్లు గుంటలో, కొడుకు తల ల్యాప్‌టాప్‌లో. ఇద్దరూ పొద్దున్నే దిగుతారు. సాయంత్రానికి తండ్రి పైకి వస్తాడు.

ఆ ల్యాప్‌టాప్ తెర చిన్నది. షీటులో లారీ నంబరు కనిపిస్తే ఊరి పేరు కనిపించదు, ఊరి పేరు కనిపిస్తే లారీ మాయమవుతుంది. ఇది ఆఫీసు కష్టం. ఇంటి కష్టం ఇంకొకటుంది. నాలుగో తరగతి చదివే కూతురు వర్షిణికి తండ్రితో క్యారమ్స్ ఆడాలని కోరిక. కంప్యూటర్లో ఇద్దరు ఆడుకునే ఆట అది. ఎప్పుడడిగినా రాజేందర్ ఒకటే మాట చెప్పేవాడు. ఇంత చిన్న తెర మీద ఇద్దరం ఏం ఆడతాం బిడ్డా, పెద్ద మానిటర్ రానీ, అమావాస్య నాడు కూర్చుని ఆడదాం అని.

అమావాస్య ఎందుకంటారా? ఆ వీధిలో అమావాస్య నాడు మగ్గం నడపరు. తాతల నాటి నుంచీ అదే సెలవు. ఆ రోజు గది నిశ్శబ్దంగా ఉంటుంది, తాత కూడా పక్కన కూర్చుని చూస్తాడు. అలా వర్షిణి కోరిక కాస్తా మానిటర్ మీదికి వెళ్లి కూర్చుంది.

ఇక మొదలైంది చూడండి పరిశోధన! పెళ్లి సంబంధానికి కూడా రాజేందర్ ఇన్ని విచారణలు చేయలేదు. ఐపీఎస్ ప్యానెలా, వీఏ ప్యానెలా? చదునుదా, వంపుదా? వంపు తిరిగినదైతే ప్రపంచమే మనవైపు ఒరుగుతుందని యూట్యూబ్‌లో ఒకాయన ప్రమాణం చేసి చెప్పాడు. నూట నలభై నాలుగు హెర్ట్జ్ లేకపోతే ఆట ఆటే కాదని ఇంకొకాయన హెచ్చరించాడు. కదలకుండా కూర్చునే క్యారమ్ కాయిన్లకు ఇన్ని హెర్ట్జ్‌లు దేనికని అడగకండి, టెక్నాలజీని అవమానించినట్టవుతుంది.

అన్నిటికన్నా రెస్పాన్స్ టైం ముఖ్యమట. ఒక్క మిల్లీసెకండ్‌లో తెర పలకాలట. భార్య ప్రియాంక అన్నానికి పిలిస్తే పావుగంటకు ఊఁ అనే మనిషి, మిల్లీసెకండ్ దగ్గర రాజీపడనని పట్టుపట్టాడు. ప్రియాంక కంచం మీద మూత పెట్టి వెళ్లింది.

చివరికి జడ్చర్లలో కంప్యూటర్ల దుకాణం నడిపే ఖైసర్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ కలిసి డిగ్రీ చదివినవాళ్లు. ఖైసర్ ఈ హెర్ట్జ్‌లూ గిర్ట్జ్‌లూ అన్నీ ఓపికగా విని, ఆఫీసు పనికా, ఆటకా అని అడిగాడు. రెండిటికీ అన్నాడు రాజేందర్. ఏది ఎప్పుడెప్పుడని అడిగితే, పని రోజూ, ఆట అమావాస్యకు అన్నాడు.

"అంటే గా ఒక్క రోజు కోసమే కొంటున్నవన్నట్టు," అన్నాడు ఖైసర్.

అవునన్నాడు రాజేందర్. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. మానిటర్ కొనే ప్రతివాడూ మనస్ఫూర్తిగానే కొంటాడు.

ముప్పై రెండు అంగుళాల ఫోర్‌కే మానిటర్ ఖాయమైంది. ఆ వార్త విని గండయ్యకు ఒక ఆలోచన వచ్చింది. మగ్గం ఉన్న ఇంట్లో నూలు దుమ్ము ఎప్పుడూ ఎగురుతుంటుంది. కొత్త వస్తువు మీద పడకూడదు కదా? మిగిలిన నూలుతో దాని మీద కప్పడానికి ఒక గుడ్డ నేశాడు. గుడ్డ వెడల్పును పన్న అంటారు. గండయ్యకు ముప్పై రెండు అంటే ముప్పై రెండు పన్న, అంతే. ఎత్తు కూడా దానికి తగ్గట్టే ఉంటుందని నిలువుటద్దాన్ని ఊహించుకుని, ముందూ వెనకా దిగేలా పొడవు ధారాళంగా పెట్టాడు. అంచుకు ఎర్ర గీత కూడా వేశాడు.

మానిటర్ వచ్చింది. గుడ్డ కప్పారు. గుడ్డ మానిటర్‌ను దాటి, ముందున్న ల్యాప్‌టాప్‌నూ కీబోర్డునూ ఫోన్‌నూ మింగేసి బల్ల అంచు దాకా జారింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. రాజేందర్ టేపు తెచ్చి కొలిస్తే ఎటు చూసినా ముప్పై రెండు లేదు. మానిటర్లను ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా కొలుస్తారని తండ్రికి వివరించాడు.

"మూలకు మూల కొలుస్తరా? మేం గట్ల కొలిచి చీర అమ్మితే బేరగాళ్లు ఊకుంటరా?" అన్నాడు గండయ్య.

అజ్ఞానం! కొత్త కాలపు గొప్పతనమంతా ఐమూలగా కొలవడంలోనే ఉందని ఆయనకేం తెలుసు? గుడ్డ మడతపెట్టి మగ్గం పక్క గూట్లో పెట్టేశారు.

మానిటర్ వెలిగించగానే ఇంకో అద్భుతం జరిగింది. అక్షరాలు చీమల్లా కనిపించాయి. ఫోర్‌కే అంటే అంతే, చుక్కలు ఎక్కువ, అక్షరం చిన్న. అందుకని సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్నిటినీ రెండింతలు పెంచుకున్నాడు. ఇప్పుడు షీటు దాదాపు పాత ల్యాప్‌టాప్‌లో కనిపించినంతే కనిపిస్తోంది. కాకపోతే చాలా అందంగా కనిపిస్తోంది! అందానికి విలువ లేదా?

సంతోషం పట్టలేక రాజేందర్ సోమవారం మీటింగ్‌లో పెద్ద మానిటర్ సంగతి చెప్పాడు. పాఠకులారా, ఇక్కడే నా వాదనకు అసలు బలం. పెద్ద మానిటర్ లేని ఉద్యోగిని ఏ మేనేజరైనా గుర్తిస్తాడా? రాజేందర్‌ను గుర్తించాడు! వెరీ గుడ్ అన్నాడు. అయితే మహారాష్ట్ర లారీల షీటు కూడా పక్కన తెరుచుకోవచ్చు కదా అన్నాడు.

తెరుచుకున్నాడు. అక్షరాలు మళ్లీ చీమలయ్యాయి. ఆ తర్వాత కర్ణాటక షీటు వచ్చింది. దాని కింద చాట్ డబ్బా, పైన మేనేజర్ ముఖం. ఆయన ముక్కు పక్క పులిపిరి ఫోర్‌కేలో ఎంత స్పష్టంగా ఉందని! ఒకప్పుడు ఉద్యోగి బస్సెక్కి ఆఫీసుకు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆఫీసే ఆత్మకూర్ వచ్చి ముందుగదిలో కాళ్లు బార్లా చాపుకుంది. ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది?

ఒక అమావాస్య వచ్చింది. ఆ రోజు అర్జెంటు పని పడింది. ఇంకో అమావాస్య వచ్చింది. ఆ రోజు ఇంకా అర్జెంటు పని పడింది. వర్షిణి ఇక తల్లి ఫోన్‌లో ఒక్కతే క్యారమ్స్ ఆడుకోవడం నేర్చుకుంది. కుడిచేత్తో తన ఆట, ఎడమచేత్తో రెండో మనిషి ఆట. రెండో మనిషి పేరు దగ్గర డాడీ అని రాసుకుంది. ఎడమచేయి కదా, డాడీ ఎప్పుడూ ఓడిపోయేవాడు.

ఈసారి అమావాస్య ఆదివారం పడింది. ఇక తిరుగులేదు! ఊరికీ సెలవే, కంపెనీకీ సెలవే. గండయ్య మగ్గం దుమ్ము దులిపి, ఊదుబత్తి వెలిగించి, నేసిన బట్ట మీద పాత పంచె కప్పాడు. వర్షిణి స్నానం చేసి, రెండు జడలు వేయించుకుని, స్టూలు తెచ్చుకుని తండ్రి పక్కన కూర్చుంది. మానిటర్ నిండా క్యారమ్ బోర్డు పరుచుకుంది. చెక్క నరాలు కూడా కనిపిస్తున్నాయి. మొదటి దెబ్బ వర్షిణిది. రెండు తెల్లవి పడ్డాయి. తాత శభాష్ అన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

ఆదివారమని తెలుసుననీ, ఐదు నిమిషాలేననీ, పెద్ద స్క్రీన్ ఉన్నది రాజేందర్ గారికే కాబట్టి మూడు షీట్లూ ఒకేసారి చూడగలిగేది ఆయనేననీ మేనేజర్ అన్నాడు. మీటింగ్ మొదలై క్యారమ్ బోర్డు సగమైంది. తర్వాత పావు అయింది. కర్ణాటక షీటు కూడా తెరిచేసరికి ఒక మూలకు వెళ్లి అగ్గిపెట్టె అంత అయింది. వర్షిణి స్టూలు ముందుకు జరుపుకుంది. మళ్లీ జరుపుకుంది.

"డాడీ, రెడ్ ఎక్కడుందో కనపడ్తలేదు," అంది.

ఒక్క నిమిషం బిడ్డా అన్నాడు రాజేందర్, తెర నుంచి కళ్లు తిప్పకుండా. వర్షిణి లేచింది. చప్పుడు కాకుండా స్టూలు తీసి గోడకు పెట్టింది.

"పర్లేదు డాడీ. నీ వంతు గూడ నేనే ఆడుత. నాకు అలవాటే."

రాజేందర్ చేయి మౌస్ మీదే ఆగిపోయింది. అయినా తెరలో మేనేజర్ అడుగుతూనే ఉన్నాడు, రాజేందర్ నోరు సార్, సార్ అంటూనే ఉంది.

గండయ్య గూట్లోంచి గుడ్డ తీశాడు. మడత విప్పి, మగ్గం మీద కప్పినంత నిదానంగా మానిటర్ మీద కప్పాడు. మూలకు మూల కొలవడం తెలియక నేసిన గుడ్డ కదా, మూడు రాష్ట్రాల లారీలనూ ల్యాప్‌టాప్‌నూ కెమెరానూ ఫోన్‌నూ ఒక్కసారే కప్పేసింది.

మీటింగ్ నడుస్తాంది నాయినా అన్నాడు రాజేందర్.

"గిది గూడ మగ్గమే గద బిడ్డా," అన్నాడు గండయ్య. "అమావాస్య నాడు మనింట్ల మగ్గం నడ్వదు."

గుడ్డ కింద నుంచి హలో, హలో, మీ స్క్రీన్ బ్లాక్ అయిందని మేనేజర్ గొంతు వినిపించింది. రాజేందర్ ఎర్ర అంచు పట్టుకున్నాడు. ఎత్తుతాడేమోనని వర్షిణి చూస్తోంది. ఆయన అంచు కింద చేయి పెట్టి, ల్యాప్‌టాప్ మూత వెతికి మూసేశాడు. ఫోన్‌ను కూడా నొక్కి ఆపేశాడు. తర్వాత ప్రియాంక ఫోన్ అడిగి తీసుకుని, వెళ్లి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. వర్షిణి వచ్చి ఆయనకు ఆనుకుంది. అరచేయంత తెర మీద రెడ్ బాగానే కనిపించింది. ఆ పూట కూడా డాడీ ఓడిపోయాడు, ఈసారి తన చేత్తోనే.

మర్నాడు మేనేజర్ సంజాయిషీ అడిగితే, మా దగ్గర ప్రతి అమావాస్యకూ స్క్రీన్ బ్లాక్ అవుతుంది సార్, టెక్నికల్ ప్రాబ్లం అని చెప్పాడట. వారంటీ ఉందా అని అడిగాడట ఆయన. మా నాయిన ఉన్నంతకాలం ఉందన్నాడట రాజేందర్.

కాబట్టి పెద్ద మానిటర్ వరమే. కొనండి. నా వాదనలో మార్పేమీ లేదు. హెర్ట్జ్‌లు చూసుకోండి, ప్యానెల్ చూసుకోండి. దాని మీద కప్పడానికి సరిపడా గుడ్డ ఇంట్లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. గుడ్డ ఎక్కడైనా దొరుకుతుంది. కప్పే పెద్ద దిక్కునే ఏ ఆఫర్‌లోనూ కలిపి ఇవ్వడం లేదు.