సున్నా మందికి సహాయ విభాగం

"ఏ కంప్యూటర్ వ్యవస్థను ఎందరు వాడుతున్నారో ప్రజలే స్వచ్ఛందంగా చెబుతారు, మేం వినయంగా వింటాం" అని మంత్రిగారు ప్రకటించిన రోజున చప్పట్లు పావుగంట మోగాయి. పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఇచ్చి, వాడేదేమిటో నొక్కితే చాలు. పదిమందైనా లేని వ్యవస్థకు సహాయ విభాగం దండగని, దాన్ని మూసేస్తామని కూడా ఆయన దయతో సెలవిచ్చారు.

లైనక్స్ అనే వ్యవస్థకున్న సహాయ విభాగం ఇన్‌చార్జి గుండెల్లో రాయి పడింది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. విభాగం పోతే ఆయన్ని నేలమాళిగలో పాత రికార్డుల గదికి తోస్తారు. ఆయనకు ఉబ్బసం, అక్కడ మోకాలి లోతు దుమ్ము.

అయినా పదిమందికేం కరువని ధైర్యం తెచ్చుకున్నాడు. వరండాలో రోజూ నలభై మంది ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని నిలబడేవారు. ప్రతి కెమెరా మీదా ప్లాస్టర్ ముక్క. పేరడిగితే జారుకునే గుట్టుమనుషులు గనక ఆయనే నంబర్ల టోకెన్లు పెట్టాడు.

"పదిహేడో నంబరుగారూ, లైనక్స్ వాడేవాళ్ల లెక్కట. కాస్త నింపండి బాబూ."

"నేను వాడతానని మీకెవరు చెప్పారండీ?"

"ఇప్పుడు నేను బాగుచేస్తున్నది మీదేగా?"

"మా బావమరిదిది."

మధ్యాహ్నానికి తేలిందేమంటే, వరండాలో ఉన్నవన్నీ బావమరుదులవే. ఒక పెద్దావిడ మాత్రం జాలిపడింది.

"నింపుతాను నాయనా. పేరు, నంబరు, చిరునామా ఇవ్వను. ఏది వాడతానో చెప్పను."

"మరేం నింపుతారమ్మా?"

"తేదీ వేస్తాను."

ఇంటికొచ్చి భార్య ముందు మొర పెట్టుకున్నాడు.

"పోనీ, మీరు నింపారా?" అందామె.

"ఇంటి చిరునామా అడుగుతున్నారే."

"ఈ క్వార్టరు ఇచ్చింది వాళ్లేగా?"

ఆయన మంచినీళ్లు తాగి పడుకున్నాడు.

శుక్రవారం ఫలితాలొచ్చాయి. లైనక్స్: సున్నా. ఇంత ఏకగ్రీవంగా ప్రజలెప్పుడూ మాట్లాడలేదని మంత్రిగారు పొంగిపోయారు.

"చెప్పడం ఇష్టంలేనివాళ్లు ఉండొచ్చు కదా సార్?" అన్నాడొక విలేఖరి.

"అదీ అడిగాం. 'చెప్పడం ఇష్టం లేదు' అని విడిగా బటన్ పెట్టాం. అక్కడా పేరు, చిరునామా ఇస్తే చాలు. ఒక్కరూ నొక్కలేదు."

సోమవారం పొద్దున్నే విభాగం వెనక తలుపు దగ్గర మంత్రిగారే ప్రత్యక్షమయ్యారు. ఒక చేతిలో మూసివేత ఆర్డరు, రెండో చేతిలో శాలువా చుట్టిన ల్యాప్‌టాప్.

"ఆర్డరు తర్వాత ఇస్తాగానీ, ముందిది చూడవయ్యా. నిన్నటి నుంచి తెరుచుకోవట్లేదు. లైనక్స్. ఎక్కడా అనకు."

ఇన్‌చార్జి చేతులు కట్టుకున్నాడు. "వాడేవాళ్లు సున్నా అని తమరి సంతకమే ఉంది సార్. లేని మనిషికి రిపేరు చేస్తే ఆడిట్‌కి ఏం చెప్పను?"

మంత్రిగారు కళ్లు మూసుకుని రాజనీతిజ్ఞుడిలా ఆలోచించారు. ఆర్డరు తిరగేసి, వెనకవైపు రాశారు: "లైనక్స్ వాడేవారు ఎందుకు లేరో క్షుణ్ణంగా పరిశోధించుటకు ఈ విభాగమును రెండేళ్లు పొడిగించడమైనది."

ఇన్‌చార్జి రెండుసార్లు చదువుకుని, స్క్రూడ్రైవరు తీశాడు.

"వరండాలో కుర్చీల్లేవు సార్."

"ఎన్ని కావాలి?"

"నలభై."

అదీ రాసి, మంత్రిగారు సంతకం పెట్టారు.