పట్టపగటి లాంతరు

ఆ సోమవారం పొద్దున సుభద్రమ్మ రెండు పనులు పెట్టుకుంది: ఇంటాయనకు జొన్నరొట్టెలు చేసిపెట్టడం, నూనె మిల్లు కంపెనీని దివాలా తీయించడం. రొట్టెలు అయిపోయాయి.

గద్వాల బజారులో ఆమెది గోనెసంచుల కొట్టు. పాత సంచులు కొని, చిరుగులు కుట్టించి మిల్లుకు పంపేది. యుద్ధం వచ్చాక సంచులకు గిరాకీ పెరిగింది గానీ, మిల్లు నడిపే దశరథం మాత్రం రెండు పల్లికాయ పంటలు దాటినా పైసా ఇవ్వలేదు. అడిగితే "నన్నడిగితే ఏమొస్తది, కంపెనీని అడుగు" అనేవాడు. కంపెనీ ఎక్కడుంటుందంటే గోడ మీది బోర్డు చూపించేవాడు. ఇక్కడేమో సంచులు కుట్టే సత్తెమ్మకూ తోటి ఆడవాళ్లకూ కూలి బాకీ పడింది. ఈ వారమూ ఇవ్వకపోతే వేరే పని చూసుకుంటామన్నారు. వాళ్లు పోతే కొట్టు మూసుకోవాల్సిందే.

"వకీలు కాడికి పోయొస్త. బాకీ కట్టని కంపెనీ మీద దివాలా దరఖాస్తు ఇయ్యొచ్చంట. కోర్టే మిల్లును అమ్మి మన పైసలు ఇప్పిస్తదంట. కొట్టు జర చూసుకో," అంది సుభద్రమ్మ.

"చూసుకోనీకి ఏముందే. సంచులు యాడికి పోతయి," అన్నాడు భర్త భీమన్న.

సంచులు ఎక్కడికీ పోలేదు. దబ్బనం పోయింది. సత్తెమ్మ వచ్చి కుట్టడానికి దబ్బనం అడిగి, పెరట్లోకి వెళ్లింది. చీకటి కొట్టులో ఏమీ కనబడక భీమన్న లాంతరు వెలిగించాడు. కూర్చునే పరుపు తిరగేసి చూశాడు. లాంతరు గడప మీద పెట్టి, సంచుల కుప్పలోకి నిలువునా దూరాడు.

బజారులో షావుకారు పరుపు తిరగేసి, పట్టపగలు దీపం పెట్టాడంటే దివాలా తీశానని చాటినట్టే. నోటితో చెప్పే అవసరం ఉండదు. పొలం కౌలుకిచ్చి ఈ మధ్యనే కొట్టులో కూర్చుంటున్న భీమన్నకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అయిజ నుంచి సంచులు కుట్టే సుతిలి తాడు తెచ్చే కురుమూర్తి బండి ఆపాడు. లాంతరు చూశాడు, పరుపు చూశాడు, నెత్తి మీది రుమాలు తీసేశాడు.

"ఎంత పనాయె బావా. అక్క యాడ?"

"వకీలు కాడికి పోయింది. దివాలా దరఖాస్తు ఇయ్యనీకి," అన్నాడు భీమన్న కుప్పలోంచే.

"మరి నా సుతిలి పైసలు?"

"ఆమెనే అడుగు. నన్ను జర దేవులాడనియ్యి."

కురుమూర్తి కొట్టులోని తూకం తరాజు ఎత్తి తన బండిలో పెట్టుకున్నాడు. పెరట్లోంచి వచ్చిన సత్తెమ్మ "తరాజెందుకన్నా?" అంది.

"కొట్టే మునిగిపాయె. ఇంక తరాజుతో ఏం పని?"

సత్తెమ్మ ఆడవాళ్లందరినీ పిలిచింది. "కూలి తేలేదాక లేచేది లేదు," అని అంతా సంచుల కుప్ప మీద కూర్చున్నారు. లోపలున్న భీమన్నకు బయటికి దారి లేకుండా పోయింది. అతను ఏదో అంటూనే ఉన్నాడు గానీ, అన్ని సంచుల కింది నుంచి ఎవరికీ వినబడలేదు.

కబురు మిల్లుకు చేరింది. బాకీ అడిగే మనిషే మునిగిందని దశరథం సంబరంగా చాయ్ తెప్పించుకున్నాడు. చాయ్ సగంలో ఉండగా బాకీ నిజంగా తప్పినట్టేనా అని అనుమానం వచ్చి వకీలు ఇంటికి పరుగెత్తాడు.

"వకీల్ సాబ్, సుభద్రమ్మ దివాలా తీసిందంట. ఇగ ఆమెకు నేను బాకీ కట్టే పని లేదు గద?"

వకీలు చేతిలోని దరఖాస్తు బోర్లించాడు. "దివాలా తీసినోళ్లకు రావల్సిన బాకీలు కోర్టు వసూలు చేస్తది. ఆమె అడిగినట్టు బతిమాలి అడగరు. కోర్టు అమీను వచ్చి మిల్లుకు తాళమేస్తడు."

"వాకిట్ల పల్లికాయ బండ్లున్నయి సాబ్."

"వాటిని గూడ లోపలికి తోలి తాళమేస్తడు."

"ఇప్పుడే కట్టేస్తే?"

"రసీదుంటే ఎవ్వరు రారు."

దశరథం చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. లోపల వకీలు భార్య ఇచ్చిన మజ్జిగ తాగుతున్న సుభద్రమ్మ గ్లాసుతోనే బయటికి వచ్చింది.

"అయ్యా, నేనెప్పుడు దివాలా తీసిన?"

"నాగ్గూడ ఇప్పుడే తెల్సిందమ్మా. మజ్జిగ తాగి, నిదానంగ ఇంటికి పో. తొవ్వల దశరథాన్ని దాటిపోకు."

ఆమె చేరేసరికి బజారంతా అక్కడే ఉంది. తిరగేసిన పరుపు మీద దశరథం మూటలోంచి నిజాం సర్కారు హాలీ రూపాయలు కుమ్మరిస్తున్నాడు. "రసీదు మీద నిన్నటి తారీకు ఉండాలె, దివాలాకు ముందే కట్టినట్టు. జర వేలిముద్ర వెయ్యి భీమన్నా," అని బతిమాలుతున్నాడు. ఇద్దరాడవాళ్ల మధ్య నుంచి ఒక చెయ్యి పైకి వచ్చి, ముద్ర వేసి, మళ్లీ లోపలికి పోయింది.

సుభద్రమ్మ ముందు కూలి పంచింది. తర్వాత కురుమూర్తికి ఇచ్చింది. అతను తరాజు దించి రుమాలు చుట్టుకున్నాడు. ఆడవాళ్లు లేచారు. భీమన్నా లేచాడు.

"నువ్వు దివాలా తియ్యలేదా?" అన్నాడు దశరథం.

"నేనెందుకు తీస్త? నీ కంపెనీని తీపియ్యనీకే పోయిన. ఇగ అక్కర లేదు తియ్యి."

"మోసం గదా గిది."

"బాకీ కట్టుడు మోసమెట్లయితదన్నా?" అంది సత్తెమ్మ, కూలి కొంగున ముడేసుకుంటూ.

దశరథానికి మిల్లు వాకిట్లో ఆగిన పల్లికాయ బండ్లు గుర్తొచ్చాయి. "బండెడు సంచులు కావాలె సుభద్రమ్మా. పైసలు మెల్లగ ఇస్త," అన్నాడు.

సుభద్రమ్మ కాదనలేదు. సంచులు బండికెత్తించి, వకీలు గారిని పిలిపించి, పైసలు చేతికొచ్చేదాకా లేవొద్దని చెప్పి వాటి మీద కూర్చోబెట్టి పంపింది.