ఆకు కషాయంలో వెండి

ఫెర్గానా లోయలో మా ఊరి ఖబరస్థాన్ అంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. ఈ ఏడాది గోరీల మధ్య ఒక్క పిచ్చిమొక్క కనబడదు. ఇదంతా సైన్సు పుణ్యం! కాదన్నవాడు కృతఘ్నుడు.

నమంగాన్ పట్నం నుంచి పరిశోధకులు వస్తారు. ఏదో ఒక ఆకు కోస్తారు. మరిగిస్తారు, వడగడతారు, వెండి లవణం కలిపిన నీళ్లు పోస్తారు. రంగు గోధుమకు తిరిగితే నానో వెండి, అంటే కంటికి ఆనని వెండి కణాలు, పుట్టినట్టే. మా చాయ్‌ఖానా కెటిల్‌లో రోజూ ఇదే రంగు తిరుగుతుంది. మాకు మాత్రం డాక్టరేట్ రాలేదు!

విషం లేదు, కాలుష్యం లేదు, అంతా పచ్చని పద్ధతి. ఆకుకొక వ్యాసం. పుదీనా అయిపోయింది. మల్బరీ అయిపోయింది. దానిమ్మ తొక్క, ఉల్లి పొర కూడా. వెండితో ముగిశాక అదే ఆకు మళ్లీ బంగారంతో! ఇక మిగిలింది మా గాడిద మేత. దాచిపెట్టాం.

తర్వాత ఇసిరిక్ వంతు వచ్చింది. దిష్టికి పొగ వేసే మొక్క, గోరీల మధ్య ఏపుగా పెరుగుతుంది. సైన్సుకు మాత్రం దిష్టి తగలదా? కొత్త మైక్రోస్కోప్ వచ్చిన రోజున వాళ్ల ప్రయోగశాల డైరెక్టరుగారే దాని చుట్టూ ఇసిరిక్ పొగ తిప్పారు. మసి లోపలికి పట్టింది. కొన్నాళ్లపాటు కనబడ్డ కణాలన్నీ మసివే. అవీ వ్యాసమయ్యాయి!

ఊళ్లో ఇసిరిక్ అంతా వాళ్లు పీక్కుపోగా మిగిలిన ఆఖరి పొద నా భార్య హాసియత్ గోరీ మీద ఉండేది. బతికున్నన్నాళ్లూ ప్రతి గురువారం ఇల్లంతా ఆ పొగే వేసేది. పోయిన చలికాలంలో కాలి పుండుతో పోయింది. ఆ పుండు ఏ మందుకూ లొంగలేదు.

మొన్న బార్చినోయ్ వచ్చింది. మా పక్కవీధి పిల్లే, ఇప్పుడు పరిశోధకురాలు.

"బాబాయ్, ఈ ఒక్క పొదా ఇవ్వవూ? పుండ్లకు పట్టే క్రిములున్నాయి చూడు, మా వెండి మందు ఒక్కదాన్నీ మిగల్చలేదు!"

"ఎవరి పుండులో?"

"పుండులో కాదు... ల్యాబ్‌లో, గాజుపళ్లెంలో."

"మీ పిన్ని కాలు పళ్లెంలో పట్టలేదమ్మా. తను బతికుండగా ఒక్క సీసాడు మందు అడిగితే ఏమన్నావ్?"

"మనుషుల మీద ఇంకా చూడలేదన్నాను."

"ఇప్పుడు చూశారా?"

"ఇప్పుడు బంగారంతో చేస్తున్నాం బాబాయ్."

పీక్కోమన్నాను. దిష్టి తగలడానికి అక్కడ ఇంకేం మిగిలింది?

"మొక్క ఎక్కడ దొరికిందో వ్యాసంలో వెయ్యాలి. ఏం రాయను?"

"హాసియత్ గోరీ మీద అని రాయి. మందు ఇంకా పళ్లెం దాటలేదని కూడా రాయి."

మొదటిది రాసుకుంది. రెండోదానికి వ్యాసంలో చోటుండదట.