రీసెట్ బటన్‌కు రెండే వైర్లు

ఆఫీసులో ఆయుధపూజ రోజున పొద్దున్నే ఎనిమిదింటికల్లా చేరి, అరగంటలో పని ముగించి, ఏమీ ఎరగనివాడిలా కాఫీ తాగుతూ కూర్చోవాలన్నది మధుసూదన్ పథకం. పని చిన్నదే. ఆరో అంతస్తులో టీ తాగే గదిలో ఓ పాత వీడియో గేమ్ డబ్బా ఉంది. డైరెక్టర్ ఉమాశ్రీకి పదేళ్లప్పుడు వాళ్ల నాన్న దుబాయ్ నుంచి తెచ్చినది. ఆయన పోయాక బీరువాలో పెట్టి చూసుకోలేక, నలుగురూ ఆడుకుంటారని ఆఫీసుకు తెచ్చింది. ఆట మధ్యలో బిగుసుకుపోతే మళ్లీ మొదలుపెట్టడానికి దానికి బటన్ లేదు, ప్లగ్గు పీకాల్సిందే. ఎవరు ప్లగ్గు పీకినా, ఎక్కడ పాడవుతుందోనని ఆమె ప్రాణం విలవిల్లాడేది.

పోయిన వారం మీటింగులో ఆ సంగతి వచ్చింది. మధుసూదన్ ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "రీసెట్ బటన్ అంటే రెండు వైర్లే మేడం. నాది ఎలక్ట్రానిక్సే. పూజ నాటికి పెట్టేస్తా" అన్నాడు. అబద్ధమేం కాదు, కడపలో ఎలక్ట్రానిక్స్ బీటెక్ చేశాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లుగా ఎక్సెల్ షీటు తప్ప మరో పనిముట్టు ముట్టలేదు. కాలేజీ ల్యాబులో సోల్డరింగ్ కూడా పక్క బెంచీవాడే చేసిపెట్టాడు. మియాపూర్ ఫ్లాటులో మిక్సీ ప్లగ్గు ఊడినా మనిషిని పిలిపిస్తాడు. ఆ మాట భార్య లావణ్య గుర్తుచేస్తే, ఇంటి పని వేరు, ఆఫీసు పని వేరు అని కొట్టిపారేశాడు.

డబ్బా మూత విప్పాడు. ఒక్కో చిప్పుకు జెర్రికి ఉన్నన్ని కాళ్లు. ఫోనులో వీడియోవాడు చూపిస్తున్న కాలు ఇందులో ఏదో ఎంతకీ తేలలేదు. ఈలోగా పూజకు అందరూ వచ్చేశారు. దేవుడి మీద భారం వేసి, ఓ కాలికి కొనితెచ్చిన ఎర్ర బటన్ వైరు ఆనించి సోల్డరింగ్ ఐరన్ అదిమిపెట్టాడు. గుప్పున పొగ లేచింది. ఆ పొగను పైకప్పులోని యంత్రం పసిగట్టింది, టవరంతా అలారం మోగింది.

అలారం మోగితే అందరూ మెట్ల మీదుగా దిగిపోవాలన్నది రూలు. పట్టుచీరలు, కొత్త చొక్కాలు, కొబ్బరికాయల సంచితో పూజారి, అందరూ దిగారు. మధుసూదన్ ఐరన్ ప్లగ్గు పీకి, డబ్బాను లంచ్ బ్యాగులో కుక్కి, వాళ్లలో కలిసిపోయాడు. ఉమాశ్రీ కంట పడకుండా ఎలాగో మళ్లీ పైకి చేర్చాలని అతని తాపత్రయం.

కింద ఆవరణలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ రాజేందర్ ఆ బ్యాగును చూశాడు. జిప్పు సందులోంచి రెండు వైర్లు, వాటి చివర ఎర్ర బటన్ వేలాడుతున్నాయి.

"గదేంది సార్?"

"లంచ్" అన్నాడు మధుసూదన్.

చుట్టూ ఉన్నవాళ్లు పది అడుగులు వెనక్కి జరిగారు. పూజారి ఇరవై అడుగులు జరిగాడు. బ్యాగు కింద పెట్టి పక్కకు రమ్మని రాజేందర్ గట్టిగా చెప్పాడు. పెట్టాడు, ఏం చేస్తాడు?

అప్పుడు గేటు గార్డు ఓదెలు ముందుకొచ్చాడు. రోజూ మధుసూదన్ ఐడీ కార్డు చూసే మనిషి. మధుసూదన్ మాత్రం ఆయన ముఖం ఏనాడూ సరిగా చూడలేదు. ఓదెలు బ్యాగు ముందు కూర్చుని, సందులోంచి తొంగిచూసి, జిప్పు తీశాడు.

"టీవీ గేమే, ఫికర్ లేదు. రీసెట్ వైరు పక్క కాలుకు అంటిచ్చిండ్రు. కరెంటు ఇస్తే చిప్పు ఖతమయ్యేది."

అప్పటికి ఉమాశ్రీ గుంపును తోసుకుని వచ్చింది. నాన్న తెచ్చిన డబ్బా మూత లేకుండా నేల మీద కనిపించింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా, "మధుసూదన్, మీది ఎలక్ట్రానిక్సే కదా?" అంది. అరిచినా బాగుండేది. పదిమందిలో అతనికి తల కొట్టేసినట్టయింది.

"సార్‌ది తప్పేం లేదు మేడం" అన్నాడు ఓదెలు. "పాత బోర్డు గద, కాళ్లన్నీ ఒక్క తీరుగ ఉంటయి. ఎవ్వలైనా పరేషాన్ అయితరు."

జీడిమెట్లలో టీవీ బోర్డులు చేసే కంపెనీలో ఓదెలు పద్నాలుగేళ్లు పనిచేశాడట. అది మూతపడ్డాక ఈ యూనిఫాం వేసుకున్నాడు. గార్డు గదిలో, మధుసూదన్ తెచ్చిన ఐరన్‌తోనే, పది నిమిషాల్లో వైరు సరిచేశాడు. పైన టీవీకి తగిలించి ఉమాశ్రీ ఎర్ర బటన్ నొక్కింది. పాత పాట మోగుతూ ఆట మొదటికొచ్చింది. ఆమె మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది, కళ్లు తుడుచుకుంది. ఆ ఏడు పూజలో కొబ్బరికాయ కొట్టే వంతు మధుసూదన్‌ది. ఆమె కాయ తీసుకెళ్లి ఓదెలు చేతిలో పెట్టింది. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఏమిటో మధుసూదన్‌కు అప్పుడు బోధపడింది. వెనక వరసలో నిలబడి, ఎవరి ముఖమూ చూడలేక, హారతి కూడా కళ్లకద్దుకోకుండా బయటికొచ్చాడు.

సాయంత్రం గేటు దగ్గర ఓదెలు అలారం ఫారం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అలారం మోగించినవాళ్ల పేరు, కారణం రాయాలి, కింద సంతకం పెట్టాలి. మరునాడు అది అందరికీ మెయిల్‌లో వెళ్తుంది.

ఓదెలు గొంతు తగ్గించాడు. "బ్రెడ్డు మాడిందని రాస్త సార్. ఎవ్వలకు తెల్వది."

మధుసూదన్ మొదటిసారి ఆయన ముఖం చూశాడు. ఆ మంచితనం ముందు పొద్దుటి సిగ్గు ఏపాటిది అనిపించింది. "వద్దు ఓదెలు గారూ, ఇటివ్వండి" అని పెన్ను తీసుకున్నాడు.

పేరు రాసి, కారణం అన్న గడిలో 'బీటెక్, ఫస్ట్ క్లాస్' అని రాసి సంతకం పెట్టాడు.