కాళ్ళెత్తితే ఆగని బండి

మా ఇంటి ముందు గదిలో ఇప్పుడు గ్రైండర్ ఉన్న చోట అంతకు ముందు మగ్గం ఉండేది. అది ఎలా మారిందో వేలూరు పక్కన మా గుడియాత్తంలో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. భూపతి, అంటే నేనే, కొండ మీద నుంచి పడ్డాడని కొందరు, పెళ్ళామే తోసిందని కొందరు. రెండూ నిజం కాదు. పొన్నమ్మ నన్ను తోయలేదు. వెనక కూర్చొని గట్టిగా పట్టుకుంది.

మాది గుంట మగ్గం. నేలలో గుంట, గుంటలో కాళ్ళు, కాళ్ళ కింద రెండు తొక్కుడు చెక్కలు. తొక్కితే మగ్గం నడుస్తుంది. నూలు తెగితే కాళ్ళు ఎత్తేస్తాం, ఆగుతుంది. మా నాయన కాళ్ళు పెట్టిన చోటే నేనూ పెట్టాను. ఆయన నేసిందీ లుంగీలే, నేను నేసిందీ లుంగీలే.

మా వీధిలో ఒక్కొక్క ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతూ వచ్చింది. కొందరు పవర్‌లూమ్‌కు పోయారు. కొందరు వేలూరులో కట్టుబడి పనికి పోయారు. వీధిలోకి కేబుల్ టీవీ వచ్చింది, ఆ వెనకే సెల్‌ఫోన్ వచ్చింది. చివరికి చేతిమగ్గం చప్పుడు మా ఇంట్లోదొక్కటే మిగిలింది.

ఆ చప్పుడు నాకు కూలికే కాదు, సంసారానికీ అవసరం. పొన్నమ్మ వంటింట్లో నుంచి ఏదైనా అడిగితే నేను చెక్క తొక్కుతాను. మగ్గం నా బదులు జవాబు చెబుతుంది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పెద్ద గొడవ జరగలేదంటే కారణం అదే.

ఒకనాడు ఆమె వంటింట్లో నుంచి మొదలుపెట్టింది.

"ఏమయ్యా, వెనక వీధి దేవకి గ్రైండర్ కొనింది. ఇడ్లీ పిండి అమ్ముతా ఉండాది. పళ్ళికొండ దగ్గిర హైవే టిఫిన్ కొట్లోళ్ళు ఇంకా కావల్ల, ఇంకా కావల్ల అని ఎగబడతా ఉండారంట."

టకటక.

"మనమూ ఒకటి కొందాం. ఆ గుంట పూడిస్తే ముందు గదిలో బాగా పట్టతాది."

టకటకటక.

"కాళ్ళతో జవాబు చెప్పొద్దు. నోరుండాది గదా?"

నోరు ఉంది. వాడుక లేదు.

ఆమె వదల్లేదు. అన్నం పెడుతూ గ్రైండర్ అంది. నీళ్ళు తోడుతూ గ్రైండర్ అంది. నిద్రలో పక్కకు తిరుగుతూ కూడా అంది. నేను గుంటలో మరి కాస్త లోపలికి దిగి కూర్చున్నాను. గుంట పూడిస్తే నాకు దాక్కోవడానికి ఈ భూమి మీద ఇంకో చోటు లేదు.

అప్పుడు దొరికాడు బ్రేకు మునిరాజ్.

మునిరాజ్ మునుపు లారీ తోలేవాడు. దూరంగా మేక కనిపిస్తే చాలు, అది రోడ్డు దాటాలో వద్దో తేల్చుకునే లోపలే బ్రేకు వేసేవాడు. ఆ పేరు అలా వచ్చింది. లారీ ఓనరు విసిగిపోయి మాన్పించాడు. ఇప్పుడు వాడు గైడు. మోర్ధానా దోవలో, కొండల నడుమ ఒక మామిడి తోపును బెంగుళూరు ఆసామి ఎవరో గుత్తకు తీసుకొని, లావుపాటి చక్రాలు నాలుగున్న మోటార్ బండ్లు తెచ్చి పెట్టాడు. అవి రాళ్ళ మీద పోతాయి, వాగులో పోతాయి. ఊళ్ళలో బాగా ఉన్నవాళ్ళు కార్లలో వచ్చి, కష్టపడి ఆ బండ్లెక్కి, దుమ్ము మింగి, సంతోషంగా తిరిగి పోతారు. మునిరాజ్ ఇంకో బండి మీద విజిల్ ఊదుతూ ముందు పోతాడు.

టీ కొట్లో వాడు చెప్పాడు. "ఆ వాగు దిగుడు కాడ నిలుపు నిలుపు అని అరవకుండా పోయిన ఆడమనిషి ఇంతవరకూ లేదన్నా."

టీ చల్లారిపోయింది. నేను ఆలోచనలో పడ్డాను.

పొన్నమ్మ బస్సెక్కితే కళ్ళు మూసుకుంటుంది. వేలూరు పాత బస్టాండు వచ్చేదాకా తెరవదు. పెళ్ళయిన నాటి నుంచీ చూస్తున్నాను. అంత భయస్తురాలు.

ఇంటికి పోయి వంటింటి గడపలో నిలబడ్డాను.

"పొన్నమ్మా. మునిరాజ్ బండెక్కి కొండ చుట్టి వద్దాం. దోవలో ఎవురు 'నిలుపు' అంటే వాళ్ళు ఓడినట్టు. నువ్వంటే మగ్గం ఉంటాది, గ్రైండర్ మాట మళ్ళీ ఎత్తకూడదు. నేనంటే గుంట పూడుస్తాం."

ఆమె గరిటె దించి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అంత పొడుగు మాట నేను పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

"యాపొద్దు?" అంది.

"రేపే."

"రేపొద్దు. మగ్గం మీదుండే పడుగు అయిపోనీ. మరసటి దినం పోదాం."

వెనుకాడుతోందని నాకు లోపల సంతోషం. పడుగును మామూలు కంటే వేగంగా నేసేశాను.

చివర్లో ఒక ముక్క మిగిలింది. లుంగీకి కాస్త పొట్టి. దాన్ని మడిచి మునిరాజ్ చేతిలో పెట్టాను. "వాగు దోవలోనే తీసకపోరా. రాళ్ళుండే పక్కనే పో," అని చెవిలో చెప్పాను. వాడు లుంగీని ఎత్తి పట్టుకొని నిలువునా చూశాడు. "సరి అన్నా," అన్నాడు. ఊరికే ఇచ్చేదానికి పొడవు చూస్తారా ఎవరైనా?

అనుకున్న రోజు పొద్దున్నే బయలుదేరాం. పొన్నమ్మ వీధి మలుపులో తాపీ మేస్త్రి తంగవేలుతో నిలబడి ఏదో మాట్లాడింది. తంగవేలు వరసకు ఆమెకు తమ్ముడు. అక్కాతమ్ముళ్ళ మాటల్లో నేను తల దూర్చను. బస్సెక్కాం. ఆమె కళ్ళు మూసుకుంది. నేను ధైర్యంగా ఒక కునుకు తీశాను.

తోపులో మేము తప్ప ఎవరూ లేరు. మునిరాజ్ ప్యాంటు, షర్టు, మెడలో విజిల్‌తో నిలబడ్డాడు.

"లుంగీ బాగుండాదా?" అన్నాను.

వాడు కొండ వైపు చూశాడు. "ఉండాదన్నా. మా పిల్లోడికి సరిగ్గా ఉండాది."

నా తలకు హెల్మెట్ పెట్టారు. పొన్నమ్మ కొప్పు పట్టక హెల్మెట్ పైకి లేచి నిలిచింది. ఆమె కొప్పు విప్పి, జడ అల్లి, మళ్ళీ పెట్టుకుంది. ఒక్క ముక్క మాట్లాడలేదు. భయంతో నోరు పడిపోయిందనుకున్నాను.

"ఎక్కన్నా. నువ్వు ముందర, వదిన ఎనక," అన్నాడు మునిరాజ్.

"నేనా? నువ్వు గదా తోలేది?"

"గైడు వేరే బండిలో ముందర పోవల్ల. అది రూలు."

"నాకు రాదు గదరా."

"వచ్చేదానికి ఏముండాది? ఈడ బొటనవేలితో నొక్కితే పోతాది. కాలితో తొక్కితే నిలుస్తాది. అవ్వళవు దాన్, అంతే!"

వెనక నుంచి పొన్నమ్మ అంది. "ఇన్నేండ్లు మగ్గం తోలిన మొగోడికి ఇదొక లెక్కా?"

ఎక్కాను. విజిల్ మోగింది. నేను కాలితో తొక్కాను. బండి కదల్లేదు. ఇంకో కాలితో తొక్కాను. రెండు కాళ్ళూ మార్చి మార్చి తొక్కాను.

"అన్నా, లుంగీ నేస్తా ఉండావా?" అని అరిచాడు మునిరాజ్.

అప్పుడు బొటనవేలు గుర్తొచ్చింది. నొక్కాను. బండి ఎగిరి దూకింది. నా హెల్మెట్ పొన్నమ్మ హెల్మెట్‌కు కొట్టుకుంది. చాలా కాలం తర్వాత మా తలలు అంత దగ్గరగా వచ్చాయి.

మొదట చదును నేల. తర్వాత గుట్ట ఎక్కాం. మునిరాజ్ ఒక చోట ఆపి, దిగి, చెయ్యి చాచాడు. "ఇది వ్యూ. అందరూ ఈడ చూడవల్ల."

చూశాం. కొండ. అవతల ఇంకో కొండ. నడుమ పచ్చగా లోయ, లోయలో సన్నగా నీళ్ళు. నేను పుట్టినప్పటి నుంచీ అవి అక్కడే ఉన్నాయి. కానీ నేనే ఎప్పుడూ గుంటలో ఉన్నాను. కాసేపు ఎక్కువే చూశాను.

"బాగుండాది గదా," అంది పొన్నమ్మ మెల్లగా.

చెక్క తొక్కుదామని కాలు కదిపాను. చెక్క లేదు. "ఊఁ," అన్నాను.

తర్వాత వాగు దిగుడు వచ్చింది. నేను రాళ్ళ దోవ అడిగాను, నిజమే. ఇన్ని రాళ్ళు అడగలేదు. మునిరాజ్ బండి కిందికి దిగి అవతల గట్టెక్కింది. నా బండి ముందు చక్రాలు అంచు దాటాయి. కింద నీళ్ళు కనిపించాయి. ఆపాలి.

నూలు తెగినప్పుడు నా కాళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు. అవే లేస్తాయి. ఇప్పుడూ లేచాయి. రెండు కాళ్ళూ బండికి అటూ ఇటూ గాలిలోకి ఎత్తాను. బండి ఆగలేదు. ఇంకా పైకి ఎత్తాను. బండి ఇంకా వేగంగా పోయింది. భయంతో చేతులు బిగించాను. బిగించిన చేతిలో ఆ బొటనవేలు కూడా ఉంది.

"కాలు దించయ్యా! తొక్కు!" అంటోంది పొన్నమ్మ వెనక నుంచి.

తొక్కితే మగ్గం నడుస్తుంది గదా! నేను తొక్కలేదు. మోకాళ్ళు గడ్డానికి తగిలేదాకా ఎత్తాను. అప్పుడు ఆ మాట నా నోట్లో నుంచి వచ్చింది.

"నిలుపురా! నిలుపు! నిలుపూ!"

వాగులో నీళ్ళు రెండు పక్కలా గోడల్లా లేచాయి. గట్టు ఎక్కాం. మామిడి చెట్ల నడుమ దూరాం. తోపు చివర కొబ్బరి మొక్క నాటేదానికి కొత్తగా తవ్విన గుంట ఒకటి ఉంది. బండి ముందు చక్రాలు నేరుగా పోయి అందులో దిగి ఆగాయి. నేను ముందుకు జారి గుంటలో కూర్చున్నాను. కాళ్ళు రెండూ సరిగ్గా అడుగున ఆనాయి.

పొన్నమ్మ బండి మీదే ఉంది. చీర కూడా తడవలేదు. హెల్మెట్ తీసి కిందికి చూసింది.

"ఇంత పెద్ద తోపులో గుంట వెతుక్కొని మరీ దిగినావే!"

"నేను నిలుపు అన్లేదు," అన్నాను గుంటలో నుంచి.

కొండ ఇంకా అంటూనే ఉంది. నిలుపు... నిలుపు... నిలుపు... అని లోయంతా తిరిగి చల్లగా నా దగ్గరికే వచ్చింది.

"కొండ అనిందిలే," అంది పొన్నమ్మ.

మునిరాజ్, ఆమె కలిసి బండిని వెనక్కి లాగారు. నాకు మళ్ళీ ఎక్కే ధైర్యం లేదు. నడిచి వస్తానన్నాను. "ఎనక కూర్చో," అని ఆమె ముందు కూర్చుంది. రాట్నం మీద కండెలు చుట్టే మనిషి. నూలు బిగుసుకుంటే తెగుతుందని బొటనవేలితో ఎంత మెత్తగా పట్టాలో ఆ చేతికి తెలుసు. బండి దూడలా నడిచింది. వాగు దాటాం, నీళ్ళు చిందలేదు. దిగుడు ఎక్కాం, రాయి కదల్లేదు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"నీకు భయం లేదా?" అని అడిగాను.

"దేనికి భయం?"

"బస్సులో కళ్ళు మూసుకుంటావు గదా."

ఆమె బండిని మెల్లగా మలుపు తిప్పింది. బండి తోపు గేటు దాకా వచ్చింది.

"నువ్వు బస్సెక్కినాంక పక్కనుండే మనిషి భుజం మీద తల పెట్టి, నోరు తెరుచుకొని నిద్రపోతావు. ఆయప్ప నన్ను చూస్తాడు. నేనేం చేసేది? నేనూ నిద్రపోయినట్టు కండ్లు మూసుకుంటాను."

ఇన్నేళ్ళుగా నేను పోగుచేసుకున్న సాక్ష్యం అంతా అక్కడితో పోయింది.

గేటు దగ్గర మునిరాజ్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. "అన్నా, కోపం చేసుకోవద్దు. లుంగీ పొట్టిగా ఉండాదే, మారుస్తావేమో అడుగుదామని మీ ఇంటికి వచ్చినాను. నువ్వు లేవు. వదిన ఉండాది. ఎందుకిచ్చినాడు అని అడిగింది. నాకు అబద్ధం చెప్పేది రాదు గదన్నా."

"నువ్వేమన్నావు?" అని పొన్నమ్మను అడిగాను.

"ఆయన చెప్పిన దోవలోనే తీసకపో, బండి మాత్రం ఆయన చేతికే ఇయ్యి అన్నాను," అంది.

తిరుగు బస్సులో నేను నిద్రపోలేదు. ఆమె కళ్ళు తెరుచుకొని కిటికీలో నుంచి దోవ పక్క టిఫిన్ కొట్లు చూస్తూ కూర్చుంది.

ఇంటి ముందు ఎర్రమట్టి కుప్ప ఉంది. లోపల మగ్గం కొయ్యలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. నూలు కండె పెట్టే నాడె మేకుకు వేలాడుతోంది. గుంట లేదు. తంగవేలు మోకాళ్ళ మీద కూర్చొని, సిమెంటు మీద తాపీ తిప్పుతూ నున్నగా చేస్తున్నాడు.

"కాలు పెట్టొద్దు బావా, పచ్చిగా ఉండాది."

"ఎవురు చెప్పినారు పూడ్చమని?"

"పొద్దున్నే అక్క చెప్పింది గదా, మీరు పోతా పోతా."

నేను పొన్నమ్మ వైపు తిరిగాను. "పొద్దున్నేనా? నేను గెలిచింటే?"

"మళ్ళీ తవ్వుకుందువులే," అంది.

నేను గడపలోనే గొంతుక్కూర్చొని ఆ సిమెంటు వైపే చూశాను. మా నాయన కాళ్ళు పెట్టిన చోటు. ఆమె అది చూసింది. కొంగుతో నా మోచేతి మట్టి తుడుస్తూ అంది. "సాయంత్రం మగ్గం మీద వేలాడే తాడు పట్టుకొని గుంటలోంచి లేస్తావే, అప్పుడు నువ్వు మూలిగే మూలుగు నాకు పొయ్యి కాడికి వినపడతాది. నువ్వు నోరు తెరిచి చెప్పవు. నేనింకా ఎన్నాళ్ళు వినల్ల?"

జవాబు చెప్పేదానికి మగ్గం లేదు.

గ్రైండర్ వచ్చింది. గుంట ఉన్న చోటే పెట్టారు. పొన్నమ్మ పప్పు, బియ్యం నానబోస్తుంది, నేను పక్కన స్టూలు మీద కూర్చొని చూసుకోవాలి. దాని మోత మగ్గం కంటే ఎక్కువ. ఆమె ఏది అడిగినా వినపడదు. మొదటి రోజు కాస్త తెరిపిన పడ్డాను.

అంతలో నేను పోసిన నీళ్ళు ఎక్కువయ్యాయి. పిండి అంచుదాకా వచ్చి, అంచు దాటి, నున్నటి సిమెంటు మీద పొర్లసాగింది. ఆపాలి. స్టూలు మీద కూర్చొని రెండు కాళ్ళూ ఎత్తాను. ఆగలేదు. ఇంకా పైకి ఎత్తాను.

పొన్నమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. పిండిని చూసింది. నన్ను చూసింది. నా తల పక్కన గోడ మీదున్న స్విచ్ నొక్కింది. ఇల్లంతా నిశ్శబ్దం అయింది.

"కాళ్ళు దించయ్యా," అంది.

దించాను.