ఖాళీ సీట్లతో నిండిన విమానం

"ఈ బడ్జెట్‌తో హిరేమల్లాపురానికి రెక్కలు తొడిగాం" అని మా ఊరి మంత్రి నీలకంఠగౌడగారు ప్రకటించిన రోజు మా ఊళ్లో టపాకాయలు కాల్చారు. గౌడగారిది దూరదృష్టి. విమాన ఇంధనం మీద పన్ను ఎత్తేశారు. బెంగళూరు విమానంలో ఏ సీటు ఖాళీగా పోయినా ఖజానా సొమ్మిస్తుందన్నారు. అదీ టిక్కెట్టు ధరకంటే కాస్త ఎక్కువే, కంపెనీ మనసు నొచ్చుకోకుండా. ఇందుకు డబ్బు కావాలి గనక నష్టాల్లో ఉన్న సాయంత్రం నాలుగు గంటల బెంగళూరు బస్సును ఆపేశారు. సర్కారు జీపుల డీజిల్‌కూ కోత పెట్టారు. ప్రగతి కోసం ఆ మాత్రం సర్దుకోవాలి.

మా వీధి నింగవ్వ కడక్ రొట్టెలు ఆ బస్సులోనే వెళ్లేవి. అప్పడంలా ఎండిన జొన్నరొట్టెలు, గట్టిగా చూస్తే విరుగుతాయి. కండక్టరు వాటికి వెనక సీటొకటి ఖాళీగా ఉంచి, గతుకులొచ్చినప్పుడల్లా పెట్టెల్ని ఎవరో ఒకరి ఒళ్లో పెట్టేవాడు. పెట్టెల మీద చిరునామాలు రాసేది నేను.

బస్సు ఆగాక నింగవ్వతో రొట్టెలు తట్టే పదకొండుమంది ఆడవాళ్లకు పని లేదు. ఇంతలో బెంగళూరు మఠంవాళ్లు పెళ్లి పంక్తికి రెండు పెట్టెలు అడిగారు. రేపు పొద్దున పదికల్లా విరగకుండా చేరితే ప్రతివారం తీసుకుంటామన్నారు.

ఇద్దరం విమానాశ్రయానికి వెళ్లాం.

"సీట్లు లేవమ్మా" అన్నాడు మేనేజరు ఇనాందార్.

"లోపల ఒక్క మనిషీ లేడు కదయ్యా!" అంది నింగవ్వ.

"లేడు. అన్నీ ఖాళీయే. ఆ ఖాళీలన్నీ సర్కారు తీసుకుంది."

"అయితే ఆ ఖాళీలో నా పెట్టెలు పెట్టు."

"పెడితే ఇక ఖాళీ ఎక్కడుంటుంది? నువ్వే చెప్పవ్వా."

నింగవ్వ పెట్టెలు ఎత్తుకుని బయటికి నడిచింది. డిగ్రీ చదివినదాన్ని, నాకా లెక్క సబబుగానే తోచింది.

బయట మౌలాసాబ్ ఉల్లిగడ్డల టెంపో బెంగళూరుకు బయల్దేరుతోంది. దాన్ని మాట్లాడుకుంటుండగా మంత్రిగారు రొప్పుతూ వచ్చారు. మర్నాడు పదకొండుకు అసెంబ్లీలో ఈ విమానం మీదే ప్రశ్న. అక్కడ దిగగానే ఎక్కడానికి ఉండాలని కారును ముందురోజే బెంగళూరు పంపేశారు.

"ఇనాందార్, ఒక్క సీటు!"

"మీరు కూర్చుంటే కంపెనీకి నష్టం సార్. రూలు మీరు పెట్టిందే."

కోప్పడతారనుకున్నాను. రూలు కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివి, "బాగానే రాయించానే" అన్నారు. అంతటి నిష్పక్షపాతం నేనెక్కడా చూడలేదు.

"పోనీ, బస్సెన్నింటికి?"

"మీరు ఆపేశారు కదా సాహెబ్రే" అంది నింగవ్వ.

"కలెక్టరాఫీసు జీపు?"

"డీజిల్ లేదు సార్" అన్నాడు ఇనాందార్.

మంత్రిగారు టెంపో వైపు చూశారు.

"ముందు సీటు నాది" అంది నింగవ్వ. "వెనక కూర్చుంటే నాకు వాంతులు. మీరు మూటల మీద కూర్చోండి. పెట్టెలు రెండూ ఒళ్లో పెట్టుకోవాలి. గతుకొస్తే పైకెత్తి పట్టుకోవాలి."

"నేను మంత్రినవ్వా!"

"మంచిది. అయితే జాగ్రత్తగా పట్టుకుంటారు."

మర్నాడు పదకొండుకు టీవీ పెట్టాను. విమానంలో జనం ఎక్కుతున్నారా అని ప్రతిపక్షం అడిగింది. మంత్రిగారు లేచారు. భుజాన ఉల్లిపొట్టు. చేతులు రెండూ ముందుకు చాచి, ఏదో మోస్తున్నట్టు అలాగే ఉన్నాయి, కిందికి దిగడం లేదు.

"అధ్యక్షా! మా ఊరి విమానంలో ఇంతవరకు ఒక్క సీటూ మిగల్లేదు. అడిగినా దొరకడం లేదు. నిన్న స్వయంగా చూశాను!"

బల్లలు చరిచారు.

అప్పుడే నింగవ్వ ఫోను. "అక్కా, ఒక్కటీ విరగలేదు! వారంవారం పంపమన్నారు."

"ఎలా పంపుతావు నింగవ్వా?"

"అందుకే ఫోన్ చేశాను. మంత్రిగారికి అసెంబ్లీ ఇంకా ఎన్ని వారాలుంటుందో కాస్త పేపర్లో చూసి చెప్పు."