ముగ్గురుంటేనే పెట్రోలు

స్టోరు బాబాయి ఇల్లు డబ్బాల ఫ్యాక్టరీ గేటు పక్క గోడను ఆనుకునే ఉంది. సైరన్ మోగితే ఆయన వంటింట్లో గ్లాసులు కదులుతాయి. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే కారు తీసి, ఫ్యాక్టరీ గేటు దాటిపోయి, ఊరి అవతలి కొసన ఇద్దరిని ఎక్కించుకుని, మళ్లీ ఆ గేటు దగ్గరికే వచ్చేవాడు. ఆ సోమవారం కూడా ఆయన అనుకున్నది అంతే.

మతి చెడి కాదు లెండి. ఉద్యోగుల రాకపోకల పెట్రోలు ఖర్చు మేమే ఇస్తామని కంపెనీ చాటింది. కాకపోతే కారులో ముగ్గురుండాలట. ఊరి చివర ఉండే క్యాషియరమ్మ, ఎలక్ట్రీషియను కారున్న మనిషి కోసం వెతుకుతుంటే బాబాయి నోరు జారాడు. "నేనూ అటువైపేనమ్మా!" అన్నాడు. స్టోరులో జుట్టు నెరిసేదాకా పనిచేసినా ఆయన ఇల్లెక్కడో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు. భార్య పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది ఎంత వాగినా "తిన్నావా?" అని అడగదు కదా! క్యాషియరమ్మ రోజూ అడుగుతుంది. ఆ ఒక్క మాట కోసం ఆయన ఊరు చుట్టి వస్తున్నాడు.

ఆ రోజు కారెక్కి కాస్త దూరం వెళ్లారో లేదో, క్యాషియరమ్మ కడుపు పట్టుకుంది.

"బాబాయ్, అర్జెంటుగా బాత్రూముకు వెళ్లాలి. మా ఇంటికి తాళం వేసి మా ఆయన వెళ్లిపోయారు. మీ ఇల్లు ఇక్కడే కదా, పోనివ్వండి!"

బాబాయి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. "ఇల్లు... సర్దలేదమ్మా."

"నేనేమన్నా పెళ్లిచూపులకు వస్తున్నానా? ఆపండి బాబూ!"

తీసి ఉన్న గేటు ఒకటి కనబడితే అక్కడే ఆపేశాడు. వాకిట్లో ఒక పెద్దావిడ బట్టలు ఆరేస్తోంది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఒక్కతే ఉంటుంది. బాబాయి ముందు పరిగెత్తి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, నా పరువు కాపాడండి. ఒక్క ఐదు నిమిషాలు ఇది నా ఇల్లనుకోండి."

నర్సమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఈలోగా మిగతా ఇద్దరూ లోపలికి వచ్చేశారు.

"ఏరా తమ్ముడూ, పాలు తెస్తానని పోయి జనాన్ని తెచ్చావా?" అందావిడ. "నువ్వెళ్లమ్మా, ఎడమచేతి వైపు."

క్యాషియరమ్మ లోపలికి పరిగెత్తింది. ఎలక్ట్రీషియను గోడకు వేలాడుతున్న స్విచ్చిబోర్డు చూసి, "నేనొకణ్ణి ఉన్నాననైనా గుర్తులేదా బాబాయ్? ఇలా ఉంటే చెప్పరేం?" అని అప్పటికప్పుడే స్క్రూడ్రైవరు తీశాడు. బాబాయి నర్సమ్మ పక్కకు చేరాడు.

"ఎందుకు కాపాడారమ్మా?"

"దొంగవేమో అనుకున్నాను. దొంగయితే దణ్ణం పెట్టడు కదా," అందావిడ, బట్టలకు క్లిప్పులు పెడుతూ. "ఈ వాకిట్లో మనిషి మాట వినపడి చాలా రోజులైందిలే."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ క్యాషియరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పాపం బాబాయి ఊరి చివర పెద్దక్కను చూసుకుంటూ, అంత దూరం నుంచి ఒక్కరోజూ ఆలస్యం కాకుండా వస్తున్నాడని మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా చాటేసింది. ఆ మాట మేనేజరు చెవిన పడింది. వారం తిరక్కుండానే ఆయన అందరినీ షెడ్డులో సమావేశపరిచాడు.

"ఈ పెద్దాయన్ని చూసి నేర్చుకోండి! గేటు పక్కనే ఉంటూ లేటుగా వచ్చేవాళ్లు సిగ్గుపడాలి!"

గేటు పక్కనుండే బాబాయి నిజంగానే సిగ్గుపడ్డాడు.

"ఈయన కష్టం చూశాక ఒక నిర్ణయానికొచ్చాం. ఇక కార్లూ వద్దు, పెట్రోలు లెక్కలూ వద్దు. కంపెనీయే బస్సు వేస్తుంది. మొదటి స్టాపు ఈయన ఇంటి ముందే! నడిచి రాగలిగినంత దగ్గర్లో ఉన్నవాళ్లకు మాత్రం బస్సు లేదు."

చప్పట్లు మోగాయి. బాబాయికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. బస్సొస్తే తన కారు ఎవరూ ఎక్కరు. నిజం చెబితే తనను బస్సెక్కనివ్వరు. రేపటినుంచి మళ్లీ ఆ రేడియోయే. ఏమైతే అయిందని నోరు తెరిచాడు.

"బాబాయ్, కిటికీ పక్క సీటు మీకే. నా పక్కన కూర్చోండి," అంది క్యాషియరమ్మ.

తెరిచిన నోరు మూసేశాడు.

ఇప్పుడు ఆయన ఇంకా ముందే లేస్తున్నాడు. కారును నర్సమ్మ ఇంటి వెనక సందులో పెట్టి, పెరటి తలుపులోంచి దూరి, వీధి గుమ్మంలోంచి బయటికొస్తాడు. "తొందరగా కదలరా తమ్ముడూ!" అని ఆవిడ ఊరంతా వినేలా అరుస్తుంది. బస్సులో దారి పొడవునా కబుర్లే. తాళం వేసిన తన ఇంటి ముందునుంచి బస్సు వెళ్లేటప్పుడు మాత్రం ఆయన తల అటు తిప్పడు. సాయంత్రం అందరూ దిగి ఎవరింటికి వాళ్లు పోయేదాకా నర్సమ్మ వసారాలో కూర్చుని, ఆ తర్వాత ఖాళీ కారులో ఒక్కడే ఇంటికొస్తాడు. ఆ దారి ఆయనకు చాలా పొడుగ్గా ఉంటుంది.

సొంత డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని వెళ్లి కంపెనీవారి ఉచిత బస్సు ఎక్కే ఉద్యోగి ఆ ఫ్యాక్టరీలో ఆయనొక్కడే.